ఉలి పట్టిన మూడు దినములు

(సంఘ కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలము ఏ అంశముపై మాట్లాడుదురని కార్యదర్శిగారు మమ్మును అడిగినప్పుడు వడ్రంగము అని చెప్పాము. "నజరేతు వడ్రంగిని గూర్చియా అయ్యగారూ?" అన్నారు. కాదండి, రంపము, ఉలి, చిత్రిక, వీటిని గూర్చి అన్నాము. ఆయన కాగితము మీద ఏమి వ్రాసికొన్నారో తెలియదు గాని, ప్రకటనలో మాత్రము "పాస్టరుగారి సందేశము" అని చదివారు. ఇది సందేశము కాదు. ఒక వారాంతమున మేము నేర్చుకొన్న పనిని, నేర్చుకొనలేకపోయిన పనిని గూర్చిన సాక్ష్యమనుకొనుడు.

సంగతి మన దేవాలయములోని పాత బెంచీలతో మొదలైనది. అవి టేకువి. మన తాతల కాలమునాటివి. వాటిలో ఒకదాని కాళ్ళ మధ్యనున్న అడ్డకర్ర విరిగి, కూర్చున్నవారు కదిలినప్పుడెల్ల కిర్రుమని అరచుచుండెడిది. ప్రసంగము మధ్యలో ఆ శబ్దము వచ్చినప్పుడు పిల్లలు నవ్వుట మీరెరుగుదురు. బెంచీలన్నిటిని అమ్మివేసి ప్లాస్టికు కుర్చీలు కొందమని కమిటీలో మాట వచ్చినది. మేమును సరే అన్నాము. దాచుటకేమున్నది, ఆ తీర్మానము మీద మా సంతకము కూడ ఉన్నది.

అమ్ముటకు ముందు కలప ఏపాటి ధర పలుకునో తెలిసికొనుటకు ఊరిలోని వడ్రంగి ఆచారిగారిని పిలిచాము. ఆయనకు డెబ్బది ఏండ్లు దాటినవి. వచ్చి, బెంచీని తిరుగవేసి, అతుకులన్నిటిని వ్రేళ్ళతో తడిమి చూచి, "ఇందులో మేకు ఒక్కటి లేదండి అయ్యగారూ. అమ్మితే డబ్బులొస్తాయి. మళ్ళీ చేసేవాడు మాత్రం రాడు" అన్నారు.

"అయితే మీరే బాగుచేసి పెట్టండి ఆచారిగారూ" అన్నాము.

"నేను చేస్తే ఇదొక్కటే బాగవుద్ది. నా తరవాత ఎవరు చేస్తారు? మావాళ్ళు హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటన్నారు. మీ కుర్రాళ్ళని పంపండి, చేతనైనంత నేర్పుతాను."

ఆ విధముగా మొదలైనది. పాత బడి షెడ్డు ఊడిపించి, శుక్రవారము సాయంత్రము మొదలు ఆదివారము సాయంత్రము వరకు అక్కడ కూడుకొన్నాము. డిగ్రీ చదువుచున్న యువకులు నలుగురు, ఒక ఉపాధ్యాయిని, ఒక నర్సమ్మ, ఒక బ్యాంకు ఉద్యోగి, పదవీ విరమణ చేసిన ఆర్టీసీ డ్రైవరుగారు, మేము. మొత్తము తొమ్మండుగురము. మేము మా సంచిలో ఒక పాత కొయ్య చిత్రికను కూడ పెట్టుకొని వెళ్ళాము. అది ఎక్కడిదో తరువాత చెప్పెదము.

వెళ్ళిన వెంటనే రంపము పట్టుదుమనుకొన్నాము. ఆచారిగారు ఒక్కొక్కరి చేతిలో ఒక మొద్దుబారిన ఉలిని, ఒక సానరాతిని పెట్టారు. ఆ రాత్రి తొమ్మిది గంటల వరకు అదే పని. ముందుగా ఉలి వెనుకభాగమును రాతిమీద పరచి, అద్దమువలె చదునగువరకు రుద్దవలెను. తరువాత వాలుగానున్న ముందుభాగము. ఎంత వాలు ఉండవలెనని అడిగితే, "ఉలి మందానికి వాలు రెండింతల పొడుగుండాలి" అన్నారు. మాలో ఒక విద్యార్థి నేలమీద బొగ్గుతో లెక్కవేసి, అది సరిగా 30 డిగ్రీలగునని తేల్చాడు. ఆచారిగారు ఆ లెక్క వైపు చూచి, "అంతేనేమో బాబూ" అని మరల రాతిమీద నీళ్ళు చల్లారు.

వాలువైపు రుద్దుచుండగా, అంచుకు వెనుకవైపున వెంట్రుకకంటె సన్నని ఇనుప పొర లేచును. కంటికి కనబడదు. బొటనవ్రేలితో తడిమితే గరుకుగా తగులును. ఆ గరుకు అంచు పొడవునా తగులువరకు పదును రాలేదని గుర్తు. అటుపిమ్మట వెనుకభాగమును రెండు మారులు రాతిమీద లాగి, మంగలి కత్తిని నూరినట్లు తోలుమీద నూరితే ఆ పొర రాలిపోవును. పదును చూచుటకు మెత్తని కొయ్య కొసను అడ్డముగా చెక్కవలెను. చెక్కినచోట నలిగి తెల్లబారక మెరిసినయెడల ఉలి సిద్ధమైనదన్నమాట. మా ఉలి మూడు మారులు వెనుకకు వచ్చినది. నర్సమ్మగారి ఉలి మొదటిసారే నెగ్గినది.

"మొద్దు ఉలితో చెయ్యి తెగుద్ది అమ్మా, పదునుదానితో కర్ర తెగుద్ది" అని ఆచారిగారు ఆమెతో చెప్పారు. మొద్దుబారిన పనిముట్టును బలము చేసి త్రోయవలసి వచ్చును, బలముచేసినది జారును. గాయమునకు కారణమదే.

శనివారము ఉదయము కొయ్యను గూర్చి చెప్పారు. మేము చెట్ల పేర్లు ఎరుగుదుము గాని, వాటిని పనిని బట్టి ఎరుగము. బరువు మోయు నాగలికి, బండికి తుమ్మ. ద్వారబంధమునకు టేకు. కొండపల్లి బొమ్మలకు మెత్తగా, తేలికగా చెక్కుటకు వచ్చు పొనికి. ఏటికొప్పాకలో తరిణె పట్టి లక్క రంగులు అద్దు బొమ్మలకు అంకుడు. "అన్ని కర్రలూ మంచివేనండి, పని తెలవాలి" అన్నారు. చెట్టు నడిమి చేవకును, పైనున్న లేత కర్రకును భేదము చూపించారు. పురుగు ముందుగా పట్టునది పై కర్రనే. చేవను పట్టుట దానికి కష్టము.

పచ్చి కొయ్యతో పని చేయరాదని అందరము విన్నాము. ఎందుకో ఆ దినమున తెలిసినది. చెట్టు కొట్టినప్పుడు కొయ్య నిండ నీరుండును. ఆ తడి సుమారు 30 శాతమునకు తగ్గువరకు కొయ్య పరిమాణము మారదు. అక్కడినుండి ఆరినకొలది కుంచించుకొనును. నిలువు పొడవున తగ్గుట లెక్కకు రానంత స్వల్పము. అడ్డముగా తగ్గును. అందులోను చెట్టు వలయముల వెంబడి తగ్గుట, వలయములకు అడ్డముగా తగ్గుటకంటె దాదాపు రెండింతలుండును. అందుచేతనే సరిగా ఆరని వెడల్పాటి పలక కొన్ని నెలలకు దోసిలివలె వంగును. అంగుళము మందమునకు ఒక సంవత్సరము చొప్పున నీడలో గాలికి ఆరబెట్టవలెనని పాత లెక్క. మన బెంచీకి కావలసిన కొత్త అడ్డకర్రను ఆచారిగారు బజారులో కొననీయలేదు. పడగొట్టిన ఒక పాత ఇంటి ద్వారబంధమునుండి తెచ్చారు. "ఇది కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో అయిపోయిందండి" అన్నారు.

తరువాత కోత. మన పాత రంపము తన వైపునకు లాగినప్పుడు కోయును. ఇప్పుడు బజారులో అమ్మువాటిలో చాలమట్టుకు ముందుకు త్రోసినప్పుడు కోయునవి. ఆచారిగారు నేలమీద కూర్చొని, కొయ్యను కాలి వ్రేళ్ళతో బిగించి పట్టి, రెండు చేతులతోను పని చేయుదురు. కుర్చీలకు అలవాటుపడిన మాకు పావుగంటకే మోకాళ్ళు పట్టివేసినవి. డ్రైవరుగారు మాత్రము హాయిగా బాసిపట్లు వేసికొని కూర్చున్నారు.

మేము నేర్చుకొనవలసిన అతుకు ఒక్కటే. ఒక కొయ్య చివరను నాలుకవలె కోసి, రెండవ కొయ్యలో దానికి తగిన బెజ్జము తొలిచి, ఒకదానిలోనొకటి దిగగొట్టుట. బెంచీలు, బల్లలు, తలుపులు, మంచములు, అన్నియు దీనిమీదనే నిలుచును. నాలుక మందము కొయ్య మందములో మూడవ వంతు ఉండవలెను. అంతకు మించినయెడల బెజ్జపు గోడలు పలుచనై చీలును. తగ్గినయెడల నాలుక విరుగును. గీత గీయునది పెన్సిలుతో కాదు, కత్తి మొనతో. కోయునది గీతమీద కాదు, గీతకు అవతల, పారవేయవలసిన వైపున. ఈ ఒక్క మాట ఆచారిగారు పదిసార్లు చెప్పారు. పదిసార్లును మేము తల ఊపాము. పిమ్మట గీతనే కోసివేశాము. ఫలితముగా మా నాలుక బెజ్జములో గలగలలాడి క్రింద పడినది. ఇరువది సంవత్సరములుగా నాలుకతో పని చేయుచున్న అయ్యగారికి నాలుక కుదరలేదేమని కుర్రవాళ్ళు నవ్వారు. మేమును నవ్వాము. చెప్పినది వినుట వేరు, చేతికి వచ్చుట వేరు అని అంత స్పష్టముగా మాకు ఎప్పుడును తెలియలేదు.

శనివారము మధ్యాహ్నము చిత్రిక పట్టుట. కొయ్యలోని నార ఒక దిక్కుకు వాలియుండును. దానికి ఎదురుగా పట్టితే పొర లేచి చిరిగిపోవును. "పిల్లి ఒంటిమీద చెయ్యి ఎటు రాస్తే బొచ్చు అణుగుద్దో అటు పట్టాలి" అని ఆచారిగారు చెప్పారు. అప్పుడు మేము సంచిలోని చిత్రికను తీశాము. ఆయన దానిని చేతికి తీసికొని త్రిప్పి చూచారు.

"ఎవరిదండి ఇది?"

"మా నాయనగారిదండి."

"పనోడండి ఆయన. దీన్ని ఆయనే చేసుకున్నాడు. చూడండి, చెయ్యి పెట్టేకాడ ఎంత లోతుకి అరిగిందో. ఎక్కడ నేర్చుకున్నారు?"

మా నాయనగారు పుట్టుకచేత వడ్రంగి కారు. ఆ పని ఒక కులమువారిదే అని అందరు అనుకొను ఊరిలో పుట్టి, మిషను బోర్డింగు బడిలో ఉలి పట్టినవారు. ఆ దినములలో మిషను బడులు కొన్నిటిలో చదువుతోపాటు చేతిపనులును నేర్పెడివారు. ఊరిలో ద్వారబంధము నిలుపు పనికి ఆయనను ఎవరును పిలిచెడివారు కారు. మంచము కోడు, గొడ్ల కొట్టము, విరిగిన కుర్చీ, ఇటువంటి పనులకే పిలుపు. ఆచారిగారితో ఇదంతయు చెప్పుటకు మేము కొంత వెనుకాడాము. ఆయన విని, "ఉలికి కులమేం తెలుసండి, పదునే తెలుసు. మా పెద్దోళ్ళకి ఆ మాట తెలవలా" అని చెప్పి, చిత్రిక అలుగును ఊడదీసి తానే సానపట్టుటకు కూర్చున్నారు.

ప్రియులారా, ఆచారిగారితో చెప్పని మాట ఒకటి ఉన్నది. దానిని మీతో చెప్పుటకే ఈ అంశమును తీసికొన్నాము.

మేము వేదాంత కళాశాలలో చదువుచున్నప్పుడు, మార్కు సువార్త 6వ అధ్యాయములో ప్రభువును గూర్చి ఊరివారు వాడిన గ్రీకు పదము టెక్టోన్ అని నేర్చుకొన్నాము. కొయ్యపనివాడు, కట్టుబడి పనివాడు అని దానికి అర్థములు. ఆయన నాగళ్ళును కాడులును చేసెనని రెండవ శతాబ్దములో జస్టిన్ మార్టిర్ వ్రాసియున్నాడని కూడ చదువుకొన్నాము. పరీక్షలో ఈ ప్రశ్నకు మంచి మార్కులు వచ్చినవి. అదే సంవత్సరమున హాస్టలులో తోటి విద్యార్థులు, మీ తండ్రిగారు ఏమి చేయుదురని అడిగినప్పుడు, ఫర్నిచరు వ్యాపారము అని చెప్పాము. వ్యాపారము లేదు. ఆయన ఇతరుల వరండాలలో నేలమీద కూర్చొని రోజు కూలికి పని చేయుచుండిరి.

ఒకనాడు ఆయన మాకొక వ్రాత బల్ల చేసి, బస్సు పైన కట్టించుకొని, రాత్రియంతయు ప్రయాణము చేసి కళాశాలకు తెచ్చారు. మేము ఆయనను గేటు దగ్గరనే కలిసికొన్నాము. గదికి తీసికొని వెళ్ళలేదు. టీ త్రాగించి, ఆటో ఎక్కించి బస్టాండుకు పంపాము. ఆయన చేతులమీద లక్క మరకలు, గోళ్ళలో నలుపు ఎవరును చూడకూడదని మా తొందర. బల్ల కొన్నదని చెప్పాము. ఆయన వెళ్ళునప్పుడు, "కాళ్ళు నాలుగూ నేలకు ఆనుతున్నయ్యో లేదో చూసుకో" అని ఒక్కమాట అన్నారు. గది చూడలేదేమని అప్పుడును అడగలేదు, ఆ తరువాతను అడగలేదు. మేము గురుపట్టము పొందిన రెండవ సంవత్సరమున ఆయన ప్రభువునందు నిద్రించారు. క్షమాపణ అడుగుటకు మాకు అవకాశమున్నది, నోరు రాలేదు.

ఆచారిగారు సానపట్టి ఇచ్చిన ఆ చిత్రికతో ఆ సాయంత్రము ఒక పలకను నునుపు చేశాము. మొదట తెగి తెగి వచ్చిన పొట్టు, కొంతసేపటికి చిత్రిక నోటినుండి తెగకుండ, వెలుతురు కనబడునంత పలుచగా చుట్టలు చుట్టుకొని వచ్చినది. మా అరచెయ్యి ఆయన అరచెయ్యి అరగదీసిన పల్లములో కూర్చున్నది. ఆయన చేసిన పనిలో మేము చేయి పెట్టుట జీవితములో అదే మొదటిసారి.

ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బెంచీ పని. విరిగిన అడ్డకర్రను తీసి, కొత్తదానికి రెండు చివరల నాలుకలు కోశాము. ఒక చివర బ్యాంకు ఉద్యోగి, రెండవ చివర ఉపాధ్యాయిని. ఈసారి గీత మిగిలినది. నాలుక సగము వరకు చేతితో త్రోస్తే దిగి, మిగిలినది కొయ్య సుత్తితో కొట్టితే దిగవలెను. అట్లే దిగినది. దానిని కదలకుండ పట్టి ఉంచునది మేకు కాదు, జిగురు కాదు, ఒక చిన్న కొయ్య చీల. అందులో ఒక రహస్యమున్నది. బెజ్జపు గోడలకు వేసిన రంధ్రమునకు సరిగా ఎదురుగా నాలుకలో రంధ్రము వేయరు. అంగుళములో పదహారవ వంతు నాలుక మొదలువైపునకు జరిపి వేయుదురు. చీలను కొట్టినప్పుడు అది రెండు రంధ్రములను కలుపుటకు నాలుకను తనంతట తానే లోపలికి లాగి బిగించును. పాత చీలను ఊడదీసి చూస్తే, మన తాతల కాలపు ఆ పేరు తెలియని పనివాడును సరిగా అట్లే చేసియుండెను. ఆ బెంచీ అన్ని సంవత్సరములు ఎందుకు నిలిచినదో అప్పుడు తెలిసినది. దానిని అమ్ముటకు చేవ్రాలు చేసిన చెయ్యి ఎవరిదో కూడ జ్ఞాపకము వచ్చినది.

యంత్రములు వద్దని మేము చెప్పుట లేదు. ఆచారిగారి ఇంటిలో కరెంటు చిత్రిక ఉన్నది. మేము సగము పూట పట్టిన పలకను అది పది నిమిషములలో నునుపు చేయును. ఆయన బ్రతుకుతెరువు ఇప్పుడు దానితోనే. మరి మాకు చేతితో ఎందుకు నేర్పారని అడిగాము. "మిషను మీద చేస్తే కర్ర సంగతి మీకు తెలవదండి. చేత్తో చేస్తే అది మీకు చెప్తది" అన్నారు. మేము చేతితో చేసి నేర్చుకొన్నది మరియొకటి కూడ ఉన్నది. ఒక్క బెజ్జము తొలుచుటకు మాకు రెండున్నర గంటలు పట్టినది. ఆచారిగారికి ఇరువది నిమిషములు చాలును. ఆ ఇరువది నిమిషముల వెనుక యాబది ఏండ్లున్నవి. మనము కూలి బేరమాడునప్పుడు ఆ ఇరువది నిమిషములనే లెక్కపెట్టుచున్నాము. మా నాయనగారితోను ఊరివారు అట్లే బేరమాడిరి. చేసి చూడనివానికి పని విలువ తెలియదు. చెడగొట్టి చూచినవానికి ఇంకను బాగుగా తెలియును.

ఆ ఆదివారము రాత్రి ఇంటికి వచ్చి, మా వ్రాత బల్లమీది పుస్తకములన్ని దించి, దానిని తలక్రిందులుగా తిరుగవేశాము. ఇరువది సంవత్సరములకు పైగా దానిమీద ప్రసంగములు వ్రాసియుండియు ఎన్నడును అడుగు చూడలేదు. మేకు లేదు. ఎనిమిది అతుకులు, ఎనిమిది కొయ్య చీలలు. ఎవరును చూడని ఆ అడుగు పలకను కూడ నునుపుగా చిత్రిక పట్టియుంచారు. మాకు ఇప్పుడు లెక్క తెలియును గనుక కూర్చొని లెక్కవేశాము. కూలి పని మానుకొని చేసినను కనీసము ఎనిమిది దినములు. ఆయన కూలి మానుకొనగలవారు కారు. రాత్రులు చేసియుండవలెను. మేము గేటు దగ్గర ఆయనకు ఇచ్చినది ఒక కప్పు టీ.

ఇక మూడు మనవులు చేసి ముగించెదము. మొదటిది, బెంచీలను గూర్చిన తీర్మానమును వచ్చే కమిటీలో రద్దు చేయుదము. మా సంతకమును మేమే వెనుకకు తీసికొనుచున్నాము. బాగుచేయవలసినవి ఇంకను ఆరున్నవి. చేతులు తొమ్మిది జతలున్నవి. రెండవది, ఆచారిగారు ఈ మూడు దినములకు ఏమియు తీసికొననన్నారు. అది ఆయన మంచితనము. మనము ఇయ్యకుండుట మాత్రము మంచితనము కాదు. కళాశాలనుండి ఉపన్యాసకులను పిలిచినప్పుడు ఏమి ఇచ్చుచున్నామో అదే ఆయనకును ఇయ్యవలెనని మా కోరిక. మూడవది, సండేస్కూలు పిల్లలకు. మీ తండ్రి ఏమి చేయునని ఎవరైన అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పుడి. మేస్త్రీ అయితే మేస్త్రీ అని, కూలి అయితే కూలి అని చెప్పుడి. ఆయన మిమ్మును చూడ వచ్చినప్పుడు గదిలోనికి తీసికొని వెళ్ళుడి.

బాగుచేసిన బెంచీ ఎడమవైపున మూడవ వరుసలో ఉన్నది. వెళ్ళునప్పుడు కూర్చొని కదిలి చూడుడి. అరచినయెడల మాతో చెప్పుడి.